పెరటి షెడ్డుకు కరెంటు: పాత ఇంటి వైరుకు తోక కట్టవద్దు

(వానాకాలానికి ముందు సోలాపూర్ పూర్వ భాగంలో జరిగిన సభ్యుల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో బోనస్ విషయం ఉంది, పి.ఎఫ్. క్లెయిముల విషయం ఉంది. అవి మన కోశాధికారి గారు చెబుతారు. నేను మీ ఇంటి వెనక గోడ గురించి మాట్లాడతాను. ఆ గోడకు ఒక చిల్లు ఉంటుంది. చిల్లులోంచి ఒక వైరు బయటికి వచ్చి, పెరట్లో పత్రాల షెడ్డుకు పోతుంది. ఎవరెవరి ఇంట్లో ఇలా ఉందో చేతులెత్తమంటే ఈ హాలులో సగం మంది లేపుతారు. మిగతా సగం మంది మొహమాటపడి లేపరు.

ఈ షెడ్లు ఎలా వచ్చాయో మీకు నేను చెప్పనక్కర లేదు. 1963లో జూనీ మిల్లు మూతపడింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా మిగతా మిల్లుల భోంగాలు కూడా ఆగిపోయాయి. మిల్లు పోయినవాడు పవర్‌లూమ్ ఖార్ఖానాకు పోయాడు. అక్కడ కూడా సరిగా గిట్టనివాడు ఇంటి పెరట్లోనే నాలుగు పత్రాలు వేసి ఏదో ఒకటి పెట్టుకున్నాడు. కొందరు రెండు సాంచెలు, కొందరు కండెల మిషను, కొందరు యూనిఫారాలు కుట్టే మిషన్లు. ఏదీ పెట్టని ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టుకోవడానికి ఒక గది, దాని పక్కన స్నానాల గది. షెడ్డు కొత్తది. ఇల్లు మాత్రం తాతల నాటిది. ఇంట్లో వైరింగు కూడా తాతల నాటిదే. అది వేసిననాడు దాని మీద ఉన్న బరువు నాలుగు బల్బులు, ఒక రేడియో. కలిగినవాళ్ల ఇల్లయితే ఒక ఫ్యాను.

మిల్లులో నేను రింగ్ ఫ్రేముల మీద పని చేశాను. మోటారు ఆగితే మేము వేలు పెట్టేవాళ్లం కాదు. వైర్‌మన్ రావాలి, ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి, బోర్డుకు చీటీ తగిలించాలి, ఆ తర్వాతే మోటారు మూత తెరవాలి. జాబరు ఎంత అరిచినా వైర్‌మన్ వినేవాడు కాదు. అలాంటి క్రమశిక్షణలో ఇరవై ఏళ్లు బతికిన మనిషే ఇంటికొచ్చి, తడి నేల మీద స్టూలు వేసుకుని, పళ్లతో వైరు తొక్క తీస్తున్నాడు. మిల్లులో యజమాని భయం ఉండేది, ఇంట్లో మనమే యజమానులం అనుకుంటాం. కరెంటుకు ఆ తేడా తెలియదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే మాట. షెడ్డుకు పోయే లైను ఇంటి వైరింగుకు తోక కాకూడదు. అది మీటరు పక్కనున్న మెయిన్ బోర్డు దగ్గరే మొదలు కావాలి. దానికి సొంత కేబుల్, సొంత బ్రేకర్, సొంత ఎర్త్ ఉండాలి. ఎందుకో వివరంగా చెబుతాను. కొంచెం లెక్క ఉంటుంది, ఓపిక పట్టండి. కూలి లెక్కలో పైసా తేడా వస్తే పట్టుకునేవాళ్లకు ఈ లెక్క పెద్ద కష్టం కాదు.

మన పాత ఇళ్లలో వైరింగు రెండు రకాలు. ఒకటి చెక్కపట్టీల మీద క్లిప్పులు కొట్టి వేసినది. లోపల రబ్బరు తొడుగు ఉంటుంది. ఇన్నేళ్లకు ఆ రబ్బరు ఎండిపోయి, వంచితే అప్పడంలా పొడి అవుతుంది. కదిలించనంత కాలం బాగానే కనిపిస్తుంది. రెండోది అల్యూమినియం వైరు. రాగి ధర మండిపోయిన రోజుల్లో చాలా ఇళ్లలో అదే వేశారు. అల్యూమినియం మెత్తని లోహం. స్క్రూ కింద బిగిస్తే ఏళ్ల మీద నొక్కుకుపోయి వదులవుతుంది. దానికి రాగి వైరు మెలిపెట్టి టేపు చుడితే, వాన తేమకు ఆ రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది. గోడ చిల్లు దగ్గర మీరు చుట్టిన నల్ల టేపు కింద ఉన్నది సరిగ్గా ఇదే.

ఆ జాయింటులో ఏం జరుగుతుందో చూడండి. బాగున్న జాయింటుకు అడ్డు దాదాపు సున్నా. తుప్పు పట్టిన జాయింటుకు అర ఓము అనుకుందాం. దాంట్లోంచి పది ఆంపియర్లు పోతే అక్కడ యాభై వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరువాడి దగ్గర ఉండే సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. అంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా గోడ చిల్లులో, ఎండిన చెక్కపట్టీ పక్కన, వెలిగే సోల్డరింగ్ ఐరన్ పెట్టి మర్చిపోయామన్న మాట. ఫ్యూజు కొట్టేయదా అని అడుగుతారు. కొట్టేయదు. ఫ్యూజుకు తెలిసేది ఎంత కరెంటు పోతోందన్నది మాత్రమే. పది ఆంపియర్లు పోతున్నాయి, పది పోవచ్చు, దానికి తప్పేమీ కనిపించదు. కొత్త ఎమ్‌సీబీ పెట్టినా అంతే. వదులు జాయింటును కనిపెట్టే యంత్రం మన ఇళ్లలో ఏదీ లేదు. ఉన్నవి మన ముక్కు, మన చెయ్యి. కాలిన వాసన వస్తే, గోడో స్విచ్ బోర్డో చేతికి వెచ్చగా తగిలితే, అదే హెచ్చరిక.

ఇక వైరు లావు. పెరటి షెడ్డు ఇంటి మెయిన్ నుంచి ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఉందనుకోండి. కరెంటు పోవాలి, తిరిగి రావాలి, కాబట్టి వైరు యాభై మీటర్లు. షెడ్డులో నాలుగు కుట్టుమిషన్ల మోటార్లు, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె, రెండు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్యాను. అన్నీ కలిస్తే పదిహేను ఆంపియర్లు అవుతుంది. మనవాడు దుకాణానికి పోయి, చవకగా ఉందని ఒకటిన్నర ఎమ్ఎమ్ రాగి వైరు తెస్తాడు. యాభై మీటర్ల ఒకటిన్నర వైరుకు అడ్డు సుమారు 0.6 ఓము. పదిహేను ఆంపియర్లకు తొమ్మిది వోల్టులు వైరులోనే పోతాయి. నూట ముప్పై వాట్లకు పైగా వేడి, మీటరులో యూనిట్లుగా మీ జేబు నుంచి పోతుంది. అదే నాలుగు ఎమ్ఎమ్ వైరయితే పోయేది మూడున్నర వోల్టులే. మోటారు మొదలయ్యేటప్పుడు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు ఆరు ఆంపియర్లయితే, లేచేటప్పుడు ముప్పై దాటుతుంది. మిషను పెట్టగానే ఇంట్లో లైట్లు కళ్లు మూసి తెరుస్తున్నాయంటే కారణం ఇదే. దాన్ని చూసి పిల్లలు నవ్వుతారు. మోటారు మాత్రం తక్కువ వోల్టేజీలో లేవలేక మూలుగుతూ వైండింగు కాల్చుకుంటుంది. రీవైండింగుకు అయ్యే ఖర్చు ఎంతో మీకు తెలుసు.

ఇవన్నీ కొత్త వైరు లెక్కలు. మీ తోక వెనక, గోడలో ఉన్న పాత వైరు లెక్క ఇందులో లేదు. బయట నాలుగు ఎమ్ఎమ్ వేసి, దాన్ని తీసుకెళ్లి వంటింటి ప్లగ్గు వెనక కలిపితే ఏం లాభం? వెడల్పు కాలువను సన్న గొట్టానికి కట్టినట్టే. అందుకే మెయిన్ బోర్డు నుంచే మొదలు పెట్టండి అంటున్నాను.

పింగాణీ ఫ్యూజులు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ కట్టేస్తారు. ఫ్యూజు తీగకు లెక్క ఉంది. తగరపు పూత వేసిన రాగి తీగ అయితే అయిదు ఆంపియర్లకు 0.2 మిల్లీమీటర్ల మందం, పదికి 0.35, పదిహేనుకు అర మిల్లీమీటరు. మనం కట్టేది సైకిలు చువ్వంత! అప్పుడు ఫ్యూజు బదులు గోడలోని వైరు కాలుతుంది. ఫ్యూజు పోతోందంటే అది తన పని తాను చేస్తోంది. దాని నోరు మూయించకండి.

ఇప్పుడు అసలైన విషయానికి వస్తున్నాను. ఎర్త్.

పాత ఇళ్లలో ఎర్త్ వైరు ఉండదు. రెండు తీగలే ఉంటాయి. కొత్తగా మూడు రంధ్రాల ప్లగ్గు పెడతాం, పై రంధ్రం ఖాళీ. ఎవడో ఒక అర్ధజ్ఞానం వైర్‌మన్ వచ్చి, న్యూట్రల్ తీగనే ఆ పై రంధ్రానికి లూపు కొట్టి పోతాడు. టెస్టరు పెడితే అంతా బాగానే కనిపిస్తుంది. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందా, మిషను ఇనుప ఒళ్లంతా 230 వోల్టులు. మిషను ఆగిపోతుంది, కరెంటు పోయిందనుకుని చెయ్యి వేస్తారు. ఇంతకంటే పెద్ద మోసం ఇంకొకటి లేదు. మీ ఇంట్లో ఈ లూపు ఉంటే రేపు కాదు, ఈ రాత్రికే ఆ ప్లగ్గు వాడకం ఆపండి.

కొందరు బోరు గొట్టానికి, నల్లా గొట్టానికి ఎర్త్ కడతారు. ఆ గొట్టంలో నాలుగు అడుగుల తర్వాత ప్లాస్టిక్ ముక్క ఉంటే ఎర్త్ లేదు. పైగా స్నానాల గది నల్లా పట్టుకున్నవాళ్లకు షాకు.

సరే, షెడ్డు పక్కన గుంట తీసి, రెండున్నర మీటర్ల ఇనుప గొట్టం దింపి, బొగ్గూ ఉప్పూ వేసి మంచి ఎర్త్ చేశాం అనుకోండి. చాలా మంది అక్కడితో నిశ్చింతగా ఉంటారు. మన సోలాపూర్ నేల నల్లరేగడి, కొంచెం తవ్వితే రాయి. వేసవిలో నేల నెర్రెలిస్తుంది. నీళ్లు పోయకపోతే ఆ ఎర్త్‌కు అడ్డు ఇరవై ఓములు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఫేజు తీగ మిషను ఒంటికి తగిలితే పోయే కరెంటు 230ని ఇరవైతో భాగించండి. పదకొండున్నర ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఫ్యూజు దానికి పోదు. మిషను ఒంట్లో కరెంటు అలాగే నిలబడి ఉంటుంది, మనిషి కోసం కాచుకుని. మనిషి గుండెకు మాత్రం ఒక ఆంపియరు కూడా అక్కర లేదు. దానిలో వెయ్యో వంతును మిల్లీ ఆంపియర్ అంటారు. ముప్పై మిల్లీ ఆంపియర్లు దాటితే ప్రాణాపాయం మొదలవుతుంది.

కాబట్టి ఎర్త్ ఒక్కటే చాలదు. ఆర్‌సీసీబీ అనే బ్రేకరు పెట్టాలి. అది ఫేజులో పోయిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని నిమిషం నిమిషం తూచి చూస్తుంది. తేడా ముప్పై మిల్లీ ఆంపియర్లు అయ్యేసరికి, కన్ను మూసి తెరిచే లోపు లైను తెంపేస్తుంది. డబ్బా మీద 30 ఎమ్ఎ అని రాసి ఉండాలి. వంద, మూడు వందలు అని రాసినవి అగ్నిప్రమాదాల కోసం, మనిషి కోసం కాదు. ఖరీదు సుమారు రెండు వేలు. ఎర్త్ కూడా ఉండాలి, ఇది కూడా ఉండాలి. దాని మీద ఒక చిన్న బటన్ ఉంటుంది, నెలకొకసారి నొక్కి చూడండి. నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది పనికిరానిది, మార్చండి.

(ఇక్కడ ఒక సభ్యుడు లేచి, "మా ఇంట్లో పెట్టాం, ఊరికే పడిపోతోంది, వైర్‌మన్ దాన్ని తీసేసి డైరెక్ట్ చేశాడు" అన్నారు.)

మంచి ప్రశ్న. ఊరికే పడదు. రెండు కారణాలు ఉంటాయి. ఒకటి, మీ పాత వైరులో నిజంగానే కరెంటు గోడలోకి కారుతోంది. రెండోది పాత ఇళ్లలో మామూలే. ఒక గది లైను న్యూట్రల్ ఇంకో గది నుంచి తెచ్చి కలిపి ఉంటారు. ఫేజు ఈ దారిన పోయి, న్యూట్రల్ ఆ దారిన తిరిగి వస్తే ఆర్‌సీసీబీ లెక్క కుదరదు, పడుతుంది. ఈ తంటా లేకుండా ఉండాలంటే షెడ్డు లైనును ఇంటి లైనుతో కలపకుండా మెయిన్ నుంచే విడిగా తీయాలి. ఫేజు దానిదే, న్యూట్రల్ దానిదే. అప్పుడు ఆర్‌సీసీబీ నిలబడుతుంది. దాన్ని తీసేసి డైరెక్ట్ చేసిన వైర్‌మన్‌ను మళ్లీ ఇంట్లోకి రానివ్వకండి.

ఇంకో మాట. ఆర్‌సీసీబీ ఉంది కదా అని ధీమా వద్దు. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పెడితే దానికి మీరు కూడా ఒక బల్బులాగే కనిపిస్తారు.

పోయిన ఏడాది వానల ముందు మా గల్లీలో కొన్ని పెరళ్లు తిరిగి చూశాను. ఒక ఇంట్లో షెడ్డు వైరును ఇనుప తీగకు చుట్టి లాగారు. ఆ తీగ మీదే బట్టలు ఆరేస్తున్నారు! వైరు తొక్క ఎండకు బీటలు వారింది. పక్కనే పత్రాల అంచు, గాలికి కొట్టుకుంటూ వైరును కోస్తోంది. ఎండాకాలంలో ఏమీ కాదు. మొదటి వాన పడి, తడి చీర ఆ తీగ మీద వేసిన రోజు ఏమవుతుందో ఊహించుకోండి. ఇలాంటి చావులు దేశంలో ప్రతి వానాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం. కరెంటు తగిలి చనిపోయేవాళ్లు మన దేశంలో ఏటా పది వేలకు పైగానే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు. ఆ ఇంటి వదిన "పదేళ్ల నుంచి ఇలాగే ఉంది, ఏమీ కాలేదు" అంది. ఆ మాట అన్ని ఇళ్లలో వింటాం. ఆ సాయంత్రమే బట్టల తీగ తీయించి, నైలాను తాడు కట్టించాం. ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. ఇక్కడున్న అక్కలు, చెల్లెళ్లు ఒక్కటి గుర్తు పెట్టుకోండి: పెరట్లో బట్టలకు ఇనుప తీగ వద్దు, తాడే కట్టండి.

షెడ్డుకు లైను నేల కింద నుంచి తీసుకుపోవడం మేలు. దానికి ఇనుప కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ వేయాలి. ఇంట్లో గోడకు వేసే వైరును ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి పాతిపెడితే అది కేబుల్ కాదు. గుంట ముప్పావు మీటరు లోతు, అంటే రెండున్నర అడుగులు. అడుగున ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకలు పరచి మట్టి పూడ్చాలి. రేపు ఎవరైనా పలుగు వేస్తే ముందు ఇటుక తగలాలి. రాయి అడ్డొచ్చి తవ్వలేకపోతే గోడ వెంబడి, మనిషి చేతికీ పిల్లల ఆటకూ అందని ఎత్తున, క్లాంపులు కొట్టి తీసుకుపోవచ్చు. పత్రాలకు మాత్రం ఆనకూడదు. పత్రాల షెడ్డు ఇనుప చట్రానికి కూడా ఎర్త్ కట్టించండి.

షెడ్డు తలుపు లోపలే, చేతికందే ఎత్తులో ఒక మెయిన్ స్విచ్ ఉండాలి. అది ఫేజునూ న్యూట్రల్‌నూ రెండింటినీ తెంపేది కావాలి. దాని ముందు నూలు మూటలు పేర్చకండి. సాంచెలు, కండెల మిషను ఉన్న షెడ్డులో దూది నూగు ఎలా ఎగురుతుందో మీకు తెలుసు. అది తెరిచి ఉన్న స్విచ్‌లో, స్టార్టరులో, మోటారు మూతలో పేరుకుంటుంది. స్విచ్‌లో పుట్టే చిన్న మిణుగురు చాలు. మూత ఉన్న ఇనుప డబ్బా స్విచ్ వాడండి, వారానికొకసారి మెయిన్ కట్టేసి నూగు దులపండి. అన్నిటికంటే ముఖ్యం, నూలు ఉన్న షెడ్డులో మనుషులు పడుకోవద్దు. 2025 మే 18న మన అక్కల్‌కోట్ రోడ్ ఎమ్‌ఐడీసీలో టవల్ ఫ్యాక్టరీ అంటుకుని ఎనిమిది మంది పోయారు. వాళ్లు ఉండేది ఆ కట్టడంలోనే. దాని గురించి ఇక్కడ ఎవరికీ నేను చెప్పాల్సిన పని లేదు.

అన్నదమ్ములు పంచుకున్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. రెండు మీటర్లు, షెడ్డు ఉమ్మడి. లైటు అన్న మీటరు నుంచి, ప్లగ్గు తమ్ముడి మీటరు నుంచి. తమ్ముడు తన మెయిన్ కట్టేసి, అంతా ఆగిందనుకుని బోర్డు విప్పుతాడు. అన్న లైను అందులో బతికే ఉంటుంది. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కూడా ఇదే గండం. వీధిలో కరెంటు పోతే అంతా పోయినట్టు కాదు. ఒక షెడ్డుకు ఒకే దారి నుంచి కరెంటు రావాలి. బిల్లు పంచుకోవడం సబ్ మీటరు పెట్టి తేల్చుకోండి.

ఇప్పుడు మీటరు సంగతి. ఇది కూడా భద్రత లాంటిదే, దెబ్బ జేబుకు తగులుతుంది. ఇంటి మీటరు మీద ఖార్ఖానా పని నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అంటారు. వర్తించే రేటుకు రెండింతలు వేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకు లెక్క కడతారు. చిన్న వాడకానికి మహారాష్ట్ర కమిషన్ టారిఫ్ ఆర్డరులో కొంత వెసులుబాటు ఇస్తూ వచ్చింది. ఆ హద్దు ఆర్డరుతో పాటు మారుతుంది కాబట్టి, మీ యూనిట్ల లెక్క పట్టుకుని ఆఫీసుకు రండి, ఇప్పటి ఆర్డరు చూసి చెబుతాం. నోటీసు వస్తే భయపడి అదే రోజు సంతకాలు పెట్టకండి. మొదట వచ్చేది తాత్కాలిక లెక్క. దాని మీద అభ్యంతరం చెప్పే హక్కు మీకు ఉంది. తుది ఆర్డరు మీద ముప్పై రోజుల్లో అప్పీలు కూడా ఉంది, కాకపోతే వేసిన మొత్తంలో సగం ముందు కట్టాలి.

దీనికంటే విడి కనెక్షన్ తీసుకోవడం సుఖం. పవర్‌లూమ్‌కు మన రాష్ట్రంలో బిల్లు మీద సబ్సిడీ ఉంది, ఇంటి మీటరు మీద సాంచెలు నడిపితే అది రాదు. వాడాలో కిరాయికి ఉంటున్నాం, ఇంటి యజమాని ఒప్పుకోడు అంటారు. అదే చట్టం 43వ సెక్షన్ చూడండి. యజమాని అడిగినా, అక్కడ ఉంటున్నవాడు అడిగినా కనెక్షన్ ఇవ్వాలని ఉంది. ఉంటున్నామని చూపే కాగితాలు మాత్రం సరిగా ఉండాలి. 2005లో పాత బోర్డు పోయి మహావితరణ్ వచ్చింది, ఆఫీసుల చుట్టూ తిప్పడం మాత్రం పోలేదు. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు మన చేతిలో ఆయుధం కాదు.

వైరింగు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించండి. 2023లో కేంద్ర విద్యుత్ అథారిటీ తెచ్చిన భద్రతా నిబంధనలు చెప్పేదీ అదే. పని అయ్యాక ఒక్క ప్రశ్న అడగండి: "మెగ్గర్ పెట్టి చూశావా, ఎంత వచ్చింది?" 500 వోల్టుల దగ్గర ఒక మెగా ఓముకు తగ్గకూడదు. ఈ ప్రశ్నకు తడబడేవాడికి డబ్బులు ఇవ్వకండి.

మరి ఇంత ఖర్చు ఎవరు పెట్టాలి? ఇదే అసలు కీలకం. షెడ్డు మనది, మీటరు మనది, మిషను కూడా మనదే. సేఠ్ ఇచ్చేది నూలో గుడ్డో, ఇచ్చేది పీసు రేటు. తన ఖార్ఖానాలో ఆ మిషన్లు పెట్టి ఉంటే కేబుల్, బ్రేకరు, ఎర్త్ అన్నీ ఆయనే పెట్టేవాడు, ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగేవాడు. మిషను మన పెరట్లోకి తోసేసరికి ఖర్చు మనకు వచ్చింది, ప్రమాదం మనకు వచ్చింది, ఇన్‌స్పెక్టరు రావడం మానేశాడు. ఈసారి పీసు రేట్ల చర్చలో కరెంటు, వైరింగు ఖర్చును విడి పద్దుగా రాయించి పెడుతున్నాం. ఇచ్చేదాకా అడుగుతాం. అప్పటి దాకా షెడ్డును అలా వదిలేయలేం కదా. అన్నీ ఒక్కసారి చేయించే స్తోమత లేనివాళ్లు ఈ వరుసలో చేయించండి. ముందు బట్టల తీగ, న్యూట్రల్ లూపు తీసేయండి, దానికి డబ్బు అక్కర లేదు. తర్వాత 30 ఎమ్ఎ బ్రేకరు, ఎర్త్. ఆ తర్వాత మెయిన్ నుంచి కేబుల్.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే వాళ్లను తాకకండి, ముందు మెయిన్ కట్టేయండి. మెయిన్ అందకపోతే పొడి కర్రతో వైరును తప్పించండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, ఆగకుండా నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. వీధిలో సర్వీసు వైరు తెగిపడితే 1912కు చెప్పండి, దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి.

వచ్చే ఆదివారం నుంచి నాలుగు ఆదివారాలు లైసెన్సున్న వైర్‌మన్ ఒకరు మన కార్యకర్తలతో కలిసి సభ్యుల ఇళ్లకు వస్తారు. చూడటానికి డబ్బు తీసుకోరు. టెస్టరు, మెగ్గర్ ఆయనే తెస్తారు. పేరు, గల్లీ, మీటరు ఎవరి పేరున ఉందో ఆఫీసులో రాయించండి. ఇంట్లో ఆడవాళ్లు ఉండే వేళ కూడా రాయించండి. షెడ్డులో ఎక్కువసేపు ఉండేది వాళ్లే, ఏ ప్లగ్గు చిమచిమలాడుతుందో, ఏ మిషను తాకితే జిల్లుమంటుందో చెప్పగలిగేదీ వాళ్లే.